ఆకుపచ్చ అంగీ, అతికించిన చేతులు

స్టూడియో మేడ మీది గది,
పండగకి ఏడు వారాల ముందు

అక్కా,

ఒక దొంగతనం జరిగింది. చేయించినవాడు బట్టల కొట్టు యజమాని, అంటే మీ షెడ్డు యజమానే. చేసినవాడు మా ఫొటోగ్రాఫరు. పక్కన వెండిరేకు అట్ట పట్టుకుని, నోరు మూసుకుని, వెలుతురు సరిగ్గా పడేలా చూసినదాన్ని నేను. పోయినవి బొత్తాలత్త చేతులు.

కంగారుపడకు. ఆవిడ చేతులు ఆవిడకే ఉన్నాయి. ఫొటోలోంచి పోయాయి.

మొదటినుంచి చెబుతాను. పండగ ప్రకటన కోసం అమ్మమ్మ, అమ్మ, మనవరాలు కొత్త బట్టల్లో కూర్చున్న బొమ్మ కావాలన్నాడు యజమాని. అమ్మ వచ్చింది, మనవరాలు వచ్చింది. అమ్మమ్మగా కూర్చోవాల్సినావిడ జ్వరమని కబురు చేసింది. సరిగ్గా అప్పుడే మీ షెడ్డు వ్యాను వచ్చింది, మూటలు అప్పజెప్పడానికి బొత్తాలత్త దిగింది. మనం చిన్నప్పుడు పక్కవాటాలో ఉండి మనిద్దరికీ జడలేసిన మనిషి నా ఎదురుగా నిలబడేసరికి నాకు ప్రాణం లేచొచ్చింది. యజమాని ఆవిడ మొహం వంక చూసి, "ఈవిణ్ణే కూర్చోబెట్టండి, మొహంలో కళ ఉంది" అన్నాడు.

ఆ ముదురాకుపచ్చ పట్టు అంగీ నేనే తొడిగాను. మెడ నుంచి నడుము దాకా ఇరవై నాలుగు బొత్తాలు. "అన్నీ నేను కుట్టినవేనే. పెట్టుకోవడానికి మాత్రం నువ్వు కావాల్సొచ్చింది చూడు" అని నవ్వింది. అప్పుడు చూశాను, వేలికి కట్టు. ఏమైందత్తా అంటే, "తలుపు సందులో పడిందే" అంది, నేల చూస్తూ. ఆవిడ మనతో ఎప్పుడైనా నేల చూస్తూ మాట్లాడిందా?

ఫొటో కోసం కట్టు విప్పించారు. ఆ వేలు చూస్తూ అట్ట దించేశాను. ఫొటోగ్రాఫరు కసిరాడు. ఆవిడ మాత్రం కదలకుండా కూర్చుంది. ఎంత బావుందనుకున్నావు!

మూడు రోజుల తర్వాత కంప్యూటర్లో చూద్దును కదా, అత్త మొహం కింద అత్త చేతులు లేవు. అమ్మగా కూర్చున్న మోడల్ చేతులు కోసి అతికించి, రెండు ముడతలు గీశారు. ఎందుకండీ అన్నాను. "పండగపూట జనానికి అలాంటి చేతులు చూపిస్తే బట్ట కొంటారా అన్నారు యజమాని" అని చెప్పి టీ తాగాడు మా మహానుభావుడు. ఆ అంగీ కుట్టిన చేతులవి! శ్రమని తుడిచేసి సరుకుని మెరిపించడమంటే ఏమిటో నేను కరపత్రాల్లో చదివాను గానీ, మౌసు కదిలిస్తూ చేయడం అప్పుడే చూశాను.

ఆ వేలికి ఏమైంది? మీ షెడ్డు మనిషి, నువ్వు సూపర్‌వైజరువి, నీకు తెలియకుండా ఉండదు. రాయి. ఫోన్ చెయ్యను. ఫోన్లో అరుస్తాననీ, ఉత్తరమైతే అరవలేననీ రూలు పెట్టింది నువ్వే. ఉత్తరంలోనూ అరవగలను. కావాలంటే మళ్ళీ చదువు.

నీ చెల్లి

* * *

కుట్టు షెడ్డు, కటింగ్ బల్ల,
పండగకి ఆరు వారాల ముందు

చిచ్చుబుడ్డీ,

దొంగతనం అనగానే నా గుండె జారిపోయింది. సగం పేజీ చదివాక నిన్ను రెండు తన్నాలనిపించింది. అలాగేనా మొదలుపెట్టేది ఉత్తరం? "అక్కా బావున్నావా" అని ఒక ముక్క రాస్తే మీ విప్లవం ఆగిపోతుందా?

ఫొటోల్లో ఉన్నదున్నట్టు ఏదీ ఉండదని నాకు చెప్పింది నువ్వే. వదులైన గౌనుని మోడల్ వీపు వెనక ఆరు క్లిప్పులతో బిగించి, ముందునుంచి చూస్తే కొలిచి కుట్టినట్టు కనిపించేలా చేస్తానని ఎంత గొప్పగా రాశావు! అప్పుడు రాని కోపం ఇప్పుడెందుకు? చేతులు మార్చారు, మారిస్తే మార్చారు. మనిషిని బాగానే చూపించారు కదా. అత్త ఆ బొమ్మ చూసి మురిసిపోయింది. తన వయసు పదేళ్ళు తగ్గిందట.

వేలి సంగతి ఆవిడ చెప్పిందే. సెలవునాడు ఇంటి దగ్గర తలుపు పడింది. నేనే ఆస్పత్రికి తీసుకెళ్ళి కట్టు కట్టించాను. పెద్ద వయసు, మానడానికి టైము పడుతుంది.

ఇక్కడ ఊపిరాడటం లేదు. నలభై రెండు మెషిన్లూ పొద్దున ఏడు నుంచి ఆగకుండా తిరుగుతున్నాయి. ఈసారి పండగ బట్టకి మందపాటి మెరుపు అంచు పెట్టారు, సూది కింద ఒక పట్టాన జరగదు. యజమాని రోజుకి రెండుసార్లు వచ్చి గడియారం చూసి పోతున్నాడు. మాట్లాడకుండా చూస్తాడు. అరిస్తే నయం.

నువ్వు పని జాగ్రత్తగా చేసుకో. ఆ పాత పుస్తకాల బండి దగ్గర కాగితాలు ఏరుకోవడం తగ్గించి వేళకి తిను. ఎండలో తిరిగితే నీకు ముక్కులోంచి రక్తం వస్తుంది, మర్చిపోకు.

మీ అక్క

* * *

స్టూడియో, బట్టలు ఇస్త్రీ చేసే గది,
పండగకి ఆరు వారాల ముందు

అక్కా, బావున్నావా?

రాశాను కదా ఆ ముక్క. ఇక వినుకో.

అత్త ఇంటికీ నువ్వుండే చోటికీ బస్సులో గంట దారి. సెలవునాడు వాళ్ళింట్లో తలుపు పడితే, వాళ్ళ వీధిలో ఆస్పత్రి పెట్టుకుని, గంట దూరంలో ఉన్న నువ్వెలా తీసుకెళ్ళావు? తలుపు పడ్డ వేలు పట్టుకుని ఆవిడ నీ కోసం గంట సేపు కూర్చుందా? అబద్ధమాడటం నీకు చిన్నప్పటినుంచీ చేతకాదు. నేను పగలగొట్టిన గ్లాసుని పిల్లి మీదకి నెట్టి, మనకి పిల్లే లేదని మర్చిపోయావు.

ఇంకొకటి. మార్చకముందు తీసిన ఫొటో కంప్యూటర్లో అలాగే ఉంది. పెద్దది చేసి చూశాను. కుడిచేతి చూపుడు వేలు, గోరు మధ్యలో ఒక చిల్లు. వేలు వంకరగా ఉంది. తలుపు పడితే వేలు నలుగుతుంది, గుండ్రంగా తూటు పడదు. సూది దిగి అవతలికి వచ్చిన గాయం అది. యంత్రాల మీద పనిచేసేవాళ్ళ రక్షణ గురించి నా దగ్గరున్న కరపత్రంలో బొమ్మ వేసి మరీ ఉంది. సూది ముందు వేలు పోకుండా చిన్న ఇనుప అడ్డు ఉంటుందట, గార్డు అంటారట. ప్రతి మెషినుకీ కొన్నప్పుడే బిగించి వస్తుందట, ఎవరైనా విప్పితే తప్ప వేలు సూది కిందకి పోదట. మరి పోయిందేం?

నువ్వు నన్ను తిట్టు, ఊరుకుంటాను. దాచకు.

నీ చెల్లి

* * *

కుట్టు షెడ్డు,
పండగకి అయిదు వారాల ముందు

చెల్లీ,

నిజమే. మెషినే.

అత్తది చేతి పని. ఆవిణ్ణి ఎప్పుడూ మెషిను మీద కూర్చోబెట్టం. ఒత్తిడి ఎక్కువైందని బొత్తాల మెషిను మీద వేశాం. దానికి గార్డు లేదు. శనివారం మధ్యాహ్నం, తిండి వేళకి అయిదు నిమిషాల ముందు జరిగింది.

ప్రమాదమని రిజిస్టరులో రాస్తే తనిఖీకి వస్తారు. తనిఖీకి వస్తే పండగ ముందు షెడ్డు మూస్తారు. నలభై రెండు మంది ఆడవాళ్ళు, ఒక్కొక్కరి వెనక ఎంతమంది ఉన్నారో నీ కరపత్రంలో రాసి ఉండదు. ఇంటి దగ్గర తగిలిందని రాసుకున్నారు. అత్త ఒప్పుకుంది. ఆవిడే ఒప్పుకున్నాక నువ్వెవరు, నేనెవరు?

ఆ వేలు ఇక వంగదన్నాడు డాక్టరు. పండగ అయ్యాక ఆవిడకి సూది పట్టక్కర్లేని పని ఏదైనా చూద్దామని యజమానిని అడుగుతాను. ఇప్పుడు అడిగితే "ఇంటి దగ్గర తగిలించుకుంటే నా పూచీయా" అంటాడు.

దీని గురించి ఇంక రాయకు. నిన్ను బతిమాలుకుంటున్నాను. తిట్టడం లేదు చూడు.

అక్క

* * *

స్టూడియో మేడ మీది గది,
పండగకి నాలుగు వారాల ముందు

అక్కా,

నువ్వు రాయొద్దన్నావు, నీకు రాయలేదు. ఊరికి రాశాను.

మూడు వందల కాగితాలు అచ్చు వేయించాను. కొట్టు షట్టరు మీద, ప్రకటన హోర్డింగు స్తంభాలకి, మీ షెడ్డు వీధి గోడలకి నా చేత్తో నేనే అంటించాను. జిగురు ఇంకా గోళ్ళలో ఉంది. ఒక ప్రతి తనిఖీ ఆఫీసుకి కూడా పంపాను.

మా ఫొటోగ్రాఫరు ఎప్పుడూ ఒకటే పాఠం చెబుతాడు. ఫ్రేములో ఒక్కటే విషయం ఉండాలి, మిగతాదంతా కోసెయ్యి అంటాడు. అలాగే చేశాను. అసలు ఫొటోలోంచి మిగతాదంతా కోసేసి, ఒళ్ళో పెట్టుకున్న రెండు చేతులు మాత్రం ఉంచాను. అత్త మొహం లేదు కాబట్టి ఆవిడకి ఇబ్బందీ లేదు. కింద ఇలా వేశాను:

"ఈ చేతులు ఎవరివి? మీరు కొనబోయే పండగ బట్ట కుట్టిన చేతులివి. హోర్డింగు మీద వీటిని మీకు కనిపించకుండా చేశారు. సూదికి అడ్డుగా ఉన్న ఇనుపముక్కని విప్పిన చెయ్యి కత్తి పట్టిన చేతికంటే ఏమాత్రం తక్కువది కాదు. ఆ చెయ్యి ఎవరిదో బయటపడాలి!"

బావుంది కదూ? ఆ ఇనుపముక్క వాక్యం దగ్గర నాకే ఒళ్ళు జలదరించింది. హోర్డింగు కింద జనం ఆగి చదువుతున్నారు, పైకి చూస్తున్నారు, కిందకి చూస్తున్నారు. ఒకావిడ చేతిలో కొట్టు సంచీ పట్టుకుని అక్కడే నిలబడిపోయింది.

నలభై రెండు మంది ఉపాధి అన్నావు. నలభై రెండు మందికీ ఎనభై నాలుగు చేతులు. నేను ఆ లెక్క చూస్తున్నాను. నీ మీద నాకు కోపం లేదు. భయపడేలా చేసినవాడి మీదే నా కోపం.

నీ చెల్లి

* * *

బొత్తాలత్త ఇల్లు, వంటగది గడప,
పండగకి మూడు వారాల ముందు

అమ్మాయ్,

ఇది నేను చెబుతుంటే మీ అక్క రాస్తోంది. నా వేలు పెన్ను పట్టనంటోంది. నువ్వు ఊరంతా అంటించాక దానికి పొగరెక్కింది మరి.

నీ కాగితం ఎవరో గోడ మీంచి చింపుకొచ్చి ఇచ్చారు. ముందు నాకు తెలియలేదే. ఎవరి చేతులో పాపం, ఎంత అరిగిపోయాయో అనుకున్నాను. తర్వాత అంగీ చేతి చివర బొత్తాం చూశాను. దారం నాలుగు చుట్లు చుట్టి, ముడి అడుగున దాచేది షెడ్డులో నేనొక్కదాన్నే. అలా గుర్తుపట్టాను నా చేతిని. మొహం తీసేస్తే తెలియదనుకున్నావు, షెడ్డంతా బొత్తాం చూసి చెప్పేశారు. యజమానీ గుర్తుపట్టాడు. తనిఖీ అయ్యేదాకా గేటు లోపలికి రావద్దన్నాడు. ఆ తర్వాత కూడా రావద్దంటాడని నాకు తెలుసు. తలుపు పడి వేలు పోగొట్టుకున్న ముసల్దానికి పని ఎవరిస్తారు?

ఒక్కటి చెబుతాను, కోపగించుకుంటే కోపగించుకో. ఆయన నా మొహం తీసుకుని చేతులు పారేశాడు. నువ్వు నా చేతులు తీసుకుని మొహం పారేశావు. ఇద్దరూ నన్ను అడగలేదు. ఆయన అడగడులే, ఆయనకి నేనేమవుతాను? నువ్వు అడగాలి కదే. నీ తలలో పేలు తీసినదాన్ని.

ఆ ఫొటో రోజు నాకు బావుంది తెలుసా. ఇన్నేళ్ళుగా ఎవరెవరికో కుట్టిన బట్ట ఒకసారి నా ఒంటి మీదకొచ్చింది. కట్టు విప్పమంటే విప్పాను. ఇదిగో ఇలా ఉంది నా చెయ్యి, తీసుకోండి అనుకున్నాను. మొత్తంగా కూర్చున్నాను నేను. మొత్తంగా ఎవరూ ఉంచలేదు.

ఇక తలుపు సంగతి. పాపం ఆ తలుపు మీద నేరం ఎందుకు మోపానంటే

ఏమే, పెన్ను ఆపావేం? రాయి.

రాయనంటోంది మీ అక్క. ఏడుస్తోంది. ఈ ముక్క కూడా నేను తిడితే రాసింది. నీకు ఇంతవరకూ చెప్పలేదట. ఇన్ని ఉత్తరాలు రాసుకున్నారు, ఏం రాసుకున్నారే మీరిద్దరూ, వానలూ ఎండలూనా? ఇక నేను చెప్పను. అదే చెప్పాలి. నేను పొయ్యి దగ్గరకి పోతున్నాను.

చెల్లీ, నేను అక్కని. అత్త లేచి లోపలికి వెళ్ళింది.

గార్డు విప్పింది నేను. ఆ ఒక్క మెషినుదే కాదు, నలభై రెండూ. మెరుపు అంచు గార్డు కింద ఇరుక్కుంటోంది, తీసెయ్యమన్నాడు యజమాని. స్క్రూడ్రైవరు ఉండేది నా దగ్గరే. గురువారం మధ్యాహ్నం ఒక్కో మెషిను దగ్గరా వంగి, నా చేత్తో విప్పాను. కుట్టేవాళ్ళు "ఎందుకు తీస్తున్నావు" అంటే "చేతులు జాగ్రత్తగా పెట్టుకోండి, ఏం కాదు" అన్నాను. శనివారం అత్త వేలు. ప్రమాదమని తేలితే ముందు నా పేరే వస్తుందని, ఆవిడే యజమాని ఎదురుగా తలుపు అని చెప్పింది. నేను పక్కనే నిలబడి విన్నాను. ఆవిణ్ణి ఆపలేదు.

నీ కాగితంలో ఒళ్ళు జలదరించిందన్నావే, ఆ వాక్యం. ఆ చెయ్యి నాది.

* * *

స్టూడియో గుమ్మం మెట్లు,
పండగకి పదిహేడు రోజుల ముందు

అక్కా,

నాలుగు రోజులు పట్టింది ఇది రాయడానికి. మూడు కాగితాలు చింపాను. మొదటిదాంట్లో నిన్ను అనరాని మాటలన్నాను. రెండోదాంట్లో ఏమీ కానట్టు రాశాను. మూడోది ఎందుకు చింపానో తెలియదు.

కోపం పోలేదు. పోయిందని రాస్తే నువ్వు నమ్మవు. కానీ నేను అచ్చు వేసిన ఆ వాక్యాన్ని నీ మొహం తలుచుకుంటూ పైకి చదవబోయాను. నోరు రాలేదు. ఎవరో తెలియని చెయ్యి అయితే ఎంత హాయిగా తిట్టానో.

రెండు రోజులు గోడల వెంట తిరిగి నా కాగితాలు నేనే గీకాను. జిగురు బాగా పెట్టాను కదా, ఒక పట్టాన రాలేదు. చాలాచోట్ల సగం చెయ్యి మిగిలిపోయింది. పోయేవాళ్ళు నవ్వారు. "అంటించిందీ నువ్వే కదమ్మా" అన్నాడు ఒకాయన. అవునండీ అన్నాను.

ఇవాళ ఫొటోగ్రాఫరు పిలిచాడు. "నా కంప్యూటర్లోంచి అసలు ఫొటో తీసింది నువ్వేనా?" అన్నాడు. నేనే అన్నాను. అరుస్తాడని చూశాను, సమాధానాలన్నీ తయారుగా పెట్టుకున్నాను. అరవలేదు. లెన్సు తుడుస్తూ, "ఇరవై ఏళ్ళుగా కోస్తున్నానమ్మా. నువ్వు నాకంటే బాగా కోశావు" అన్నాడు. అది మెచ్చుకోలో, చెంపదెబ్బో ఇంకా తెలియడం లేదు. తర్వాత రేపటినుంచి పనికి రావద్దన్నాడు. యజమాని మాట అది, తనకి వేరే దారి లేదన్నాడు. వచ్చేస్తుంటే వెనక్కి పిలిచి ఒక కవరు ఇచ్చాడు. అత్త ఫొటో. మార్చనిది, మొహమూ చేతులూ అన్నీ ఉన్నది, పెద్ద సైజు. వెనక తీసిన తేదీ వేసి, మార్పులు చేయలేదని రాసి సంతకం పెట్టాడు. గాయం ఎప్పటిదో, ఎలాంటిదో ఆ ఫొటో చూస్తే ఎవరికైనా తెలుస్తుంది.

నేను దాన్ని ఎక్కడా అంటించను. ఎవరికీ ఇవ్వను. అత్తకి పంపుతున్నాను, ఈ ఉత్తరంతోనే. ఆవిడ ఏం చేయమంటే అది. చించేస్తానంటే చించెయ్యమను. అడగకుండా తీసుకున్నందుకు క్షమాపణ వేరే చీటీలో రాశాను, దాన్ని నువ్వు చదవొద్దు. ఆవిడకి చదవడం వచ్చు.

నిన్ను ఒక్క మాట అడగాలి. తనిఖీ అధికారి వచ్చేది ఎప్పుడు? వచ్చినప్పుడు నువ్వేం చెబుతావు? నేను చెప్పమన్నది కాదు, నువ్వు చెప్పేది రాయి.

నీ చెల్లి

* * *

కుట్టు షెడ్డు వెనక గది,
పండగకి పన్నెండు రోజుల ముందు

చెల్లీ,

తనిఖీ వచ్చే బుధవారం, ఉదయం పదింటికి.

మొన్న యజమాని తన గదిలోకి పిలిచాడు. నన్ను కూర్చోమన్నాడు. ఇన్నేళ్ళలో ఆ కుర్చీలో కూర్చోవడం మొదటిసారి. కాగితం ముందు పెట్టాడు. "అన్ని మెషిన్లకూ గార్డులు ఉన్నాయి, ఉండేవి. సదరు మనిషి తన ఇంటి వద్ద గాయపడినది." కింద నా పేరు టైపు చేసి ఉంది, సంతకం ఒక్కటే తక్కువ. నేను పెన్ను తీయకపోయేసరికి నెమ్మదిగా అన్నాడు: "నేను తీసెయ్యమన్నానని ఎవరికి తెలుసమ్మా? నా చేతిలో స్క్రూడ్రైవరు ఎవరైనా చూశారా? నీ చేతిలో నలభై రెండు మంది చూశారు." అరవలేదు చూడు. పెద్దమనిషిలా, నా మంచి కోరి చెబుతున్నట్టు చెప్పాడు.

ఆయన చెప్పింది నిజమే కావడం నన్ను చంపేస్తోంది. నా చెల్లెలు తిట్టినా నన్నే, నా యజమాని బెదిరించినా నన్నే.

సంతకం పెట్టడానికి బుధవారం పొద్దుటిదాకా గడువిచ్చాడు. కాగితం నా సంచీలో ఉంది. రెండు రోజులు దాన్ని చదివాను. నేను సంతకం పెడితే అత్త వేలు ఎప్పటికీ తలుపు సందులోనే ఉండిపోతుంది. ఆవిడ ఇక షెడ్డు గుమ్మం తొక్కదు. మెషిన్లు అలాగే తిరుగుతుంటాయి. మొన్న మూడో వరసలో ఒకమ్మాయి సూది అంచుదాకా వేలు పోనిచ్చి వెనక్కి లాక్కుంది. తల ఎత్తి నా వంక చూసింది. నేను తల తిప్పుకున్నాను. అప్పుడే అనిపించింది, ఇంక ఇక్కడ నేను ఎటు తిప్పుకున్నా ఎవరో ఒకరు చూస్తూనే ఉంటారని.

నీకు చెప్పనిది ఇంకొకటి ఉంది. గార్డులు పాత ఇనుములో వేసెయ్యమన్నాడు. నేను వెయ్యలేదు. నా బల్ల కింద పెద్ద రేకు డబ్బాలో ఉన్నాయి, నలభై రెండూ, స్క్రూలతో సహా. ఎందుకు దాచానో అడగకు. ఆ గురువారం అవి విప్పుతున్నప్పుడే చెయ్యి తప్పు చేస్తోందని తెలుసు, నోరు మాత్రం తెరవలేదు.

నేను చెబుతాను చెల్లీ. విప్పమన్నది ఆయన, విప్పింది నేను, జరిగింది షెడ్డులో, శనివారం. ఆ మూడూ చెబుతాను. పని పోతుంది. ఇంకా ఏం పోతుందో తెలియదు.

అత్త నీ చీటీ చదివి, దాన్ని ఎక్కడ పెట్టుకుందో నాకు కనిపించనివ్వలేదు. ఫొటో మాత్రం ముందు చేతులు, తర్వాత మొహం, చాలాసేపు చూసుకుంది. "దీన్ని అధికారి చేతికి నేనే ఇస్తాను. మీరెవరూ తీసుకోవద్దు" అంది. నేను చెప్పబోయేది చెప్పాను. తల నిమిరి, "ఇప్పటికైనా పెన్ను కదిలింది" అంది. ఆ తర్వాత నన్ను బాగా తిట్టింది. తిట్లు రాయను, చాలా ఉన్నాయి.

నాకొక సాయం చెయ్యి. అధికారి ముందు చెప్పడం కంటే మా వాళ్ళ ముందు చెప్పడమే నాకు కష్టం. "ఏం కాదు" అన్నది వాళ్ళతోనే కదా. నువ్వు వాళ్ళకి ఒక ఉత్తరం రాయి. నాకు అంత మాటల ఒడుపు లేదు. ఏదీ కోసెయ్యకు, నన్ను కూడా ఉంచు. ముందు అత్తకి చదివి వినిపిస్తాను. ఆవిడ ఊఁ అంటే, మధ్యాహ్నం తిండి వేళప్పుడు మిగతా వాళ్ళకి చదువుతాను.

అక్క

* * *

బస్టాండు బెంచీ,
పండగకి తొమ్మిది రోజుల ముందు

షెడ్డులో పనిచేసే అక్కలకీ, పిన్నులకీ, అత్తలకీ,

ఇది చదువుతున్నది మా అక్క, మీ సూపర్‌వైజరు. రాసింది నేను, దాని చెల్లెల్ని. బొత్తాలత్త వినకుండా, సరేననకుండా ఈ కాగితం మీ దాకా రాదు. గోడల మీద చేతుల బొమ్మ అంటించింది కూడా నేనే. అత్తని అడగకుండా అంటించాను. అది తప్పు. అందువల్ల ఆవిడ పని ఆగిపోయింది.

మీకు తెలిసిందే రాస్తున్నాను, ఎందుకంటే తెలిసింది ఎవరమూ పైకి అనలేదు. మీ మెషిన్లకి గార్డులుండేవి. తీయించింది యజమాని. తీసింది మా అక్క. అవి లేని మెషిను మీద బొత్తాలత్త వేలిలోంచి సూది దిగింది. రిజిస్టరులో మాత్రం అది ఇంటి దగ్గర జరిగింది.

మేము అడుగుతున్నవి రెండు. జరిగింది జరిగినచోటే జరిగినట్టు రాయాలి, అప్పుడు అత్తని "నీ ఇంట్లో తగిలించుకున్నావు పో" అనే నోరు ఎవరికీ ఉండదు. ఇంకో బట్ట సూది కిందకి పోకముందే ప్రతి మెషినుకీ గార్డు తిరిగి బిగించాలి. షెడ్డు మూస్తారేమోనన్న భయం మీకుంది. మా అక్కకీ ఉంది. మూయరని నేను మాటివ్వలేను. ఇంతకుముందైతే ఇచ్చేసేదాన్ని.

అత్త తన ఫొటో తనే పట్టుకుని వస్తుంది. అక్క గార్డుల డబ్బా తెస్తుంది. ఎవరి మెషినుది వాళ్ళు చేతిలోకి తీసుకోండి. అధికారి అడిగితే అరవాల్సిన పని లేదు, అరిచే పని ఉంటే నేనున్నాను. చెయ్యి చాచి చూపిస్తే చాలు. రావడానికి భయమేస్తే, భయంతోనే రండి.

అధికారి వచ్చేది పదింటికి. మెషిన్లు ఆపి బయటికి రండి, మనం గంట ముందే కలుద్దాం. ఆ గంట మా అక్కకి కావాలి. అధికారికి చెప్పేముందు మీకు చెప్పాలంటోంది, మీ మొహాలు చూసి, తన నోటితో.

బుధవారం, ఉదయం తొమ్మిదింటికి, షెడ్డు గేటు ముందు.